తిరిగి రాని బాంబర్ జాడ తీయడం: హైదరాబాద్ స్క్వాడ్రన్ కాగితాలతో నా అనుభవం

మొదటి ప్రపంచ యుద్ధం ఆఖరి రెండు నెలల్లో, పక్కన హైదరాబాద్ పేరు రాసుకున్న బాంబర్లు జర్మనీ ఊళ్ల మీదికి వెళ్లాయి. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూర్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే అది హైదరాబాద్ స్క్వాడ్రన్. 1918 సెప్టెంబర్ మొదట్లో ఫ్రాన్స్‌లోని బెటన్‌కూర్ మైదానానికి చేరింది. 14న బూలే దగ్గర జర్మన్ల విమానాశ్రయం మీద మొదటి దాడి చేసింది. నవంబర్ 11న యుద్ధం ఆగిపోయేసరికి 17 విమానాలు తిరిగి రాలేదు, మరో 28 తుక్కయ్యాయి. అంతా చేసి వేసిన బాంబులు పదిన్నర టన్నులు.

ఆ 17ని తేదీలవారీగా విడదీస్తే లెక్క సరిపోతుంది. సెప్టెంబర్ 16న మన్‌హైమ్ దాడిలో 2, 25న ఫ్రాంక్‌ఫర్ట్ దాడిలో 4, అక్టోబర్ 5న కైజర్స్‌లాటర్న్, పిర్మజెన్స్ వైపు వెళ్లినప్పుడు 4, అక్టోబర్ 21న ఒక్కరోజే 7. విమానానికి ఇద్దరు చొప్పున 34 మంది. వీళ్లలో ఎవరికి ఏమైందో తేల్చే పని ఎలా సాగుతుందో, ఎక్కడ తప్పుదారి పడుతుందో చెబుతాను. స్క్వాడ్రన్ దగ్గరున్న కాగితాల్లో ‘తిరిగి రాలేదు’ అన్న మాటను మించి పెద్దగా ఏమీ ఉండదు. అసలు సంగతి అవతలి పక్షం కాగితాల్లోనూ, బందీలుగా బతికి ఇంటికొచ్చినవాళ్ల వాంగ్మూలాల్లోనూ ఉంటుంది. ఆ రెండింటినీ ఉన్నదున్నట్టు నమ్మడానికీ లేదు.

కాగితాలు తెరవడానికి ముందు విమానం గురించి గట్టిగా తెలుసుకోవాలి. ఇది చాలామంది వదిలేసే పని. ‘రేడియేటర్‌కు తూటా తగిలింది, దిగక తప్పలేదు’ అని ఒక పైలట్ రాస్తే, ఆ మాట నమ్మదగిందో కాదో విమానం తెలిస్తేనే చెప్పగలం.

వీళ్లు నడిపింది డీహెచ్‌9ఎ. రెండు రెక్కల వరసలు, ముందు పైలట్, అతని వెనకే అబ్జర్వర్. ఇంజన్ అమెరికన్ లిబర్టీ, 12 సిలిండర్లు, 400 హార్స్‌పవర్, నీటితో చల్లబడేది. ఆనాటి బ్రిటిష్ ఇంజన్లలో బ్యాటరీ అక్కర్లేకుండా నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు ఉంటే దీనికి బ్యాటరీతో నడిచే డెల్కో ఇగ్నిషన్. పైలట్‌కు ప్రొపెల్లర్ సందుల్లోంచి కాల్చే ఒక వికర్స్ మెషీన్ గన్. అబ్జర్వర్‌కు చుట్టూ తిరిగే స్కార్ఫ్ రింగ్ మీద లూయిస్ గన్. లూయిస్ డ్రమ్ములో 97 తూటాలు. వేలు తీయకుండా కాలిస్తే పది పదకొండు సెకన్లలో ఖాళీ. 15 వేల అడుగుల పైన, సున్నాకు పదిహేను డిగ్రీలు దిగువన ఉండే చలిలో, మందపాటి తొడుగుల చేతులతో, ఎదురుగాలికి డ్రమ్ము ఊడదీసి కొత్తది బిగించాలి. పోరాటంలో అబ్జర్వర్ చేతులు ఖాళీగా ఉండే క్షణాలు అవే. అనుభవమున్న జర్మన్ పైలట్లు వాటికోసమే కాచుకునేవాళ్లు. అబ్జర్వర్‌కు కనపడని చోటు ఒకటుంది, తోక కింద వెనక భాగం. శత్రువు అక్కడికి చేరితే సొంత తోకను తూట్లు పొడుచుకోకుండా అతన్ని కొట్టడం కుదరదు. ఫార్మేషన్‌లో అంటే వరస కట్టి ఎగిరేటప్పుడు, పక్క విమానమే ఆ గుడ్డి చోటుకు కాపలా. అందుకే వరస తప్పి వెనకబడినవాడి కథ దాదాపు అయిపోయినట్టే.

పారాచూట్ లేదు. జర్మన్ పైలట్లకు 1918 మధ్యనుంచి అందుతున్నా, బ్రిటిష్ విమానాల్లో ఎగిరేవాళ్లకు యుద్ధం ముగిసేదాకా ఇవ్వలేదు. పెట్రోల్ ట్యాంక్ అంటుకుంటే చేయగలిగింది ఏమీ లేదు. ఇంజన్ చచ్చిపోయినా రెక్కలు బాగుంటే మాత్రం జారుతూ దిగొచ్చు. 15 వేల అడుగుల నుంచి అలా దిగితే దాటగలిగేది సుమారు ఇరవై మైళ్ల లోపే, ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ. జర్మనీ లోపల అంత దూరంలో ఇంజన్ పోతే సరిహద్దు దాటడం కుదిరే పని కాదని ఈ లెక్కతోనే తెలిసిపోతుంది.

గాలి సంగతి విడిగా చెప్పాలి. నష్టాల జాబితాలో దాని పేరు ఎక్కడా కనిపించదు గానీ, నా లెక్కలో జర్మన్ ఫైటర్ల తర్వాతి శత్రువు అదే. బెటన్‌కూర్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ తిన్నగా 165 మైళ్లు, అంటే 265 కిలోమీటర్లు. ఆ ప్రాంతంలో పైన వీచేది ఎక్కువగా పడమటి గాలి. బాంబులతో, ఫార్మేషన్‌గా, గంటకు 100 మైళ్ల వేగమనుకుందాం. గాలి 40 మైళ్లు, పూర్తిగా వెనకనుంచే తోస్తోందనుకుందాం. వెళ్లడానికి గంటా పది నిమిషాలు చాలు. తిరుగు ప్రయాణంలో నేల మీద సాగే వేగం 60 మైళ్లకు పడిపోయి రెండు ముప్పావు గంటలు పడుతుంది. దాడికి ముందు సొంత భూభాగం మీద ఎత్తు ఎక్కి వరస కుదుర్చుకోవడానికి సుమారు గంట కలపండి. మొత్తం ఐదు గంటలకు దగ్గరపడుతుంది. ఈ విమానంలో పెట్రోల్ వచ్చేది ఐదుంబావు గంటలు. బాంబులు వేసి వెనక్కి తిరిగాక శత్రువు వెంటపడేది సరిగ్గా ఈ నెమ్మది ప్రయాణంలోనే, గోరుచుట్టు మీద రోకటి పోటు. అందుకే ప్రతి దాడికీ ఒక కాగితం మీద దూరం, ఆ రోజు గాలి, బయల్దేరిన సమయం రాసుకుంటాను. దాడి నివేదికలో గాలి దిశ రాసి ఉంటే అదే పెద్ద ఆధారం.

ఇక కాగితాలు. మొట్టమొదట పట్టుకోవాల్సింది సీరియల్ నంబర్. ప్రతి విమానం పక్కనా నిజాం కానుక అని, హైదరాబాద్ నంబర్ ఫలానా అని ఇంగ్లీషులో రాసి ఉండేది. మనవాళ్లకు సహజంగా ఆ నంబరు మీదే మోజు. దానితో వెతికితే పని ముందుకు సాగదు. నష్టపత్రాలు, ఫ్యాక్టరీ జాబితాలు, జర్మన్లు పట్టుకున్న విమానాల పట్టికలు, అన్నీ నడిచేది తోక దగ్గర రాసిన సీరియల్ మీదే. దానితో తయారీదారు కూడా తెలుస్తాడు. ఎఫ్951 నుంచి ఎఫ్1100 దాకా యోవిల్‌లోని వెస్ట్‌లాండ్ ఫ్యాక్టరీవి. ఇ8407తో మొదలయ్యే వరస హెండన్‌లోని ఎయిర్‌కో కంపెనీది.

సీరియల్ దొరికాక లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 1 అనే వరస. స్క్వాడ్రన్ చరిత్రలు, దాడి నివేదికలు, సిబ్బందికీ విమానాలకూ జరిగిన నష్టం మీద నింపిన ఫారాలు అందులో ఉంటాయి. నష్టం ఫారంలో విమానం నంబరు, ఇంజన్ నంబరు, సిబ్బంది పేర్లు, ఏ పని మీద వెళ్లారు, చివరగా ఎక్కడ కనిపించారు అన్న గడులుంటాయి. ఆఖరి గడి ఒక్కటే మనకు కావాలి. అది రాసింది తిరిగొచ్చిన తోటి సిబ్బంది మాట విని. కాల్పుల మధ్య మూడు మైళ్ల ఎత్తున ఉన్నవాడు, పక్క విమానం ‘అదుపులోనే కిందికి దిగింది’ అన్నాడంటే దానర్థం అది మంటల్లో లేదని మాత్రమే. ఊరి పేరుకు కూడా పది పదిహేను మైళ్ల తేడా ఇచ్చి చదువుకోవాలి.

మనుషుల విషయంలో ఆఫీసర్లకు ఒక దారి, సార్జెంట్లకు ఇంకోటి. ఆఫీసర్ల సర్వీసు రికార్డులు ఏఐఆర్ 76లో పేరు ప్రకారం దొరుకుతాయి. దానితోపాటు రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఆన్‌లైన్‌లో పెట్టిన ఆఫీసర్ల క్యాజువాల్టీ ఫారాలు, అంటే ఒక్కో ఆఫీసరుకు ఏమేం జరిగిందో రాసిన పత్రాలు చూడాలి. స్క్వాడ్రన్‌లో చేరిన తేదీ, ఆస్పత్రి, సెలవు, చివరికి ‘గల్లంతు’, దాని కింద కొన్ని వారాల తర్వాత వేరే సిరాతో ‘బందీ’ అని ఒక్కో పంక్తి. సార్జెంట్ల రికార్డులు ఏఐఆర్ 79లో సర్వీసు నంబరు ప్రకారం పేర్చి ఉంటాయి కాబట్టి ఉత్త పేరుతో వెళ్తే పని జరగదు. 1918 ఏప్రిల్ 1 నాటి మస్టర్ రోల్‌లో, అంటే సిబ్బంది పేర్ల పట్టికలో, ముందు నంబరు పట్టుకోవాలి. 110లో వెనక సీట్లో కూర్చున్నవాళ్లలో సార్జెంట్లూ ఉన్నారు. ఆఫీసర్ల జాబితాలతోనే ఆగిపోతే విమానంలో సగం మనిషే దొరికినట్టు.

బందీలైనవాళ్లకు జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ వాళ్ల మొదటి ప్రపంచ యుద్ధ ఆర్కైవ్ ఉచితంగా తెరిచి ఉంది. అది వాడే తీరు తెలియక చాలామంది కార్డు దగ్గరే ఆగిపోతారు. ఇంటిపేరుతో వెతికితే అక్షరక్రమంలో పేర్చిన కార్డుల బొమ్మలు వస్తాయి. వాటిని వేలితో ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోవాలి, టైపు చేసి పట్టుకునే వీల్లేదు. కార్డు మీద పేరు, హోదా, దళం, తేదీ ఉంటాయి. పక్కన ‘పీఏ’ అనే రెండక్షరాలు, వాటి వెనక ఒక అంకె. అది రిజిస్టర్ పేజీ గుర్తు. ఆ అంకెను అదే సైట్‌లో ఇంకో గడిలో వేస్తే జర్మన్లు పంపిన అసలు జాబితా తెరుచుకుంటుంది. ఎక్కడ పట్టుబడ్డాడు, ఏ శిబిరంలో ఉన్నాడు, గాయాలున్నాయా, పుట్టిన ఊరేది, ఇంటి చిరునామా ఏది అన్నీ అందులోనే. ఒకే మనిషికి రెండు మూడు పీఏ అంకెలుంటే అన్నీ తెరవాలి, శిబిరం మారినప్పుడల్లా ఒకటి పడుతుంది. పేరు స్పెల్లింగ్ జర్మన్ గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఉంటుంది.

పట్టుబడిన వైమానికులు చాలామందికి కార్ల్స్‌రూహె ఒక మజిలీ. అక్కడొక హోటల్లో ఉంచి, గదుల్లో మైక్రోఫోన్లు దాచి, వాళ్లు తమలో తాము మాట్లాడుకునేది వినేవాళ్లు. బ్రిటిష్ వాళ్లు దానికి ‘లిజనింగ్ హోటల్’ అని పేరు పెట్టుకున్నారు. జాబితాలో కార్ల్స్‌రూహె కనిపించగానే విమానం ఆ చుట్టుపక్కల కూలిందని రాసేయకూడదు. అది విచారణ కేంద్రం, పట్టుబడిన చోటు కాదు. ఆఫీసర్లు ఎప్పుడు విడుదలై దేశం చేరారన్నది బ్రిటిష్ ఆఫీసర్లకు బ్యాంకరుగా ఉన్న కాక్స్ అండ్ కంపెనీ 1919లో అచ్చువేసిన బందీ ఆఫీసర్ల జాబితాలో దొరుకుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది. విడుదలైన ప్రతి ఆఫీసరూ తాను ఎలా పట్టుబడ్డాడో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. దాన్ని పరిశీలించి, తప్పు అతనిది కాదనిపిస్తే ఆ మాటే ఉత్తరంగా పంపేవాళ్లు. అంటే ఆ వాంగ్మూలం రాసేటప్పుడు అతని మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే, ‘నేను కావాలని దిగలేదని ఎలా చూపించాలి?’ అందుకే వాటిలో రేడియేటర్, పెట్రోల్ పైపు, ఇంజన్ మాటలు పదే పదే వస్తాయి. దారి తప్పాను, పెట్రోల్ అయిపోయింది అన్న మాటలు అంత తేలిగ్గా రావు. అబద్ధాలని అనను. లిబర్టీ రేడియేటర్ ముక్కు మీదే ఉంటుంది, దానికి తూటా తగిలితే నీళ్లు కారిపోయి ఇంజన్ కొద్దిసేపట్లో పట్టేస్తుంది, సందేహం లేదు. కానీ వాంగ్మూలంలో చెప్పిన సమయాన్ని గాలి లెక్కతో పోల్చాలి. బయల్దేరిన నాలుగున్నర గంటల తర్వాత రేడియేటర్ పోయిందంటే, ట్యాంకులో అప్పటికి మిగిలింది ఎంత అన్నది కూడా అడగాలి. ఒకే విమానంలోని ఇద్దరి వాంగ్మూలాలూ దొరికితే పక్కపక్కన పెట్టుకుని చదవండి. అబ్జర్వర్‌కు ఇంజన్ గడియారాలు కనిపించవు, అతను చెప్పేది ఎన్ని శత్రు విమానాలు, ఏ వైపు నుంచి, తనకు ఎన్ని డ్రమ్ములు మిగిలాయి అన్నదే. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోకపోతే సంతోషం.

జర్మన్ వైపు చూసేటప్పుడు ముందు గడియారం సరిచేసుకోవాలి. 1918 వేసవిలో జర్మన్ సమయం బ్రిటిష్ సమయం కన్నా గంట ముందుండేది. సెప్టెంబర్ 16న జర్మన్లు వేసవి సమయం ఎత్తేయడంతో రెండూ ఒకటయ్యాయి. అక్టోబర్ 6న ఫ్రాన్స్‌లోని బ్రిటిష్ వాళ్లు కూడా గడియారం వెనక్కి తిప్పుకున్నారు, మళ్లీ గంట తేడా వచ్చింది. మన నాలుగు తేదీల్లో సెప్టెంబర్ 25, అక్టోబర్ 5 ఉన్నవున్నట్టు పోల్చుకోవచ్చు. అక్టోబర్ 21కి జర్మన్ సమయంలోంచి ఒక గంట తీసేయాలి. సెప్టెంబర్ 16 సరిగ్గా మార్పు రోజున పడింది, దాన్ని ఏ కాగితం ఏ గడియారంతో రాసిందో తేలేదాకా పక్కన పెట్టడం మేలు. ఈ గంట పట్టించుకోక ఒకరు కూల్చిన విమానాన్ని ఇంకొకరి ఖాతాలో వేసిన పట్టికలు చూశాను.

ఊళ్ల పేర్లదీ అదే తంటా. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న లొరేన్ ప్రాంతంలో బూలే, మొరాంజ్ ఉన్న భాగం అప్పట్లో జర్మనీలోది. ఫ్రెంచి మ్యాపులో బూలే ఉన్నచోట జర్మన్ కాగితంలో బోల్‌ఖెన్, మొరాంజ్ ఉన్నచోట మోర్‌ఖింగెన్ అని ఉంటుంది. రెండు పేర్లూ ఉన్న పాత మ్యాపు ఒకటి పక్కనుంచుకోవాలి.

జర్మన్ పైలట్ల విజయాల లెక్క ఈ దాడుల విషయంలో చాలావరకు పనికొస్తుంది. పోరాటం వాళ్ల నేల మీద జరిగింది, శిథిలం కింద కళ్లెదుటే ఉంది. అయినా ఒకే విమానాన్ని ఫైటర్ పైలట్ ఒకడు, నేలమీది విమాన విధ్వంసక ఫిరంగి దళం ఒకటి ఇద్దరూ తమదన్నవి ఉన్నాయి. నగరాల కాపలాకు పెట్టిన కెస్ట్ దళాలు వేరే. వాటిలో 1ఎ మన్‌హైమ్‌లో, 1బి కార్ల్స్‌రూహెలో ఉండేవి. వాటి పేర్లు సరిహద్దు దగ్గరి యుద్ధ దళాల జాబితాల్లో వెతికితే దొరకవు. ప్రష్యన్ సైన్యం కాగితాల్లో ఎక్కువ భాగం 1945 ఏప్రిల్ 14న పోట్స్‌డామ్ మీద జరిగిన బాంబుదాడిలో కాలిపోయాయి. దాడి చేసింది బ్రిటిష్ బాంబర్లే. బవేరియా సైన్యం కాగితాలు మ్యూనిక్‌లో మిగిలాయి. కైజర్స్‌లాటర్న్, పిర్మజెన్స్ ఉన్న ప్రాంతం అప్పట్లో బవేరియా రాజ్యంలోది కాబట్టి అక్టోబర్ 5 దాడికి మ్యూనిక్ వైపు వెతకడం దండగ కాదు.

ఆ అక్టోబర్ 5న తిరిగి రాని నాలుగింటిలో ఒకటి ఎఫ్1010. వెస్ట్‌లాండ్ తయారీ, పక్కన ‘హైదరాబాద్ నం. 12ఎ’ అని రాసి ఉంది. పైలట్ కెప్టెన్ ఎ. ఇంగ్లిస్, అబ్జర్వర్ సెకండ్ లెఫ్టినెంట్ డబ్ల్యు.జి.ఎల్. బాడ్లీ. ఇద్దరూ బందీలయ్యారు. జర్మన్లు విమానాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుదాడుల భయంతో తూర్పుకు తరలించారు, అలా పోలండ్‌లో మిగిలిపోయి క్రాకోవ్ మ్యూజియం చేరింది. 1977లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఎస్ఎం411 నంబరున్న స్పిట్‌ఫైర్ ఒకటి క్రాకోవ్‌కు ఇచ్చి దీన్ని తీసుకుంది. ఇప్పుడు లండన్ హెండన్‌లో ఉంది. శత్రు భూభాగంలో దిగితే విమానాన్ని తగలబెట్టాలన్నది సిబ్బందికున్న నియమం. సిగ్నల్ పిస్టల్‌తో పెట్రోల్ ట్యాంక్‌లోకి కాలిస్తే చాలు. ఎఫ్1010 మ్యూజియంలో పెట్టదగ్గ స్థితిలో దొరికిందంటే అది గాల్లో మండలేదు, ముక్కలవలేదు, దిగాక కాల్చడానికి వ్యవధీ దొరకలేదు. కాగితం లేకపోయినా వస్తువు ఇంతవరకు చెబుతుంది. పట్టుబడిన మిగతా విమానాలకు కూడా జర్మన్లు తీసిన ఫొటోలుంటే ఇదే పద్ధతి. ప్రొపెల్లర్ చూడండి. బ్లేడ్లు రెండూ విరిగితే ఇంజన్ తిరుగుతూ నేల తాకింది. ఒకటే విరిగి రెండోది నిటారుగా, చెక్కుచెదరకుండా ఉంటే ఇంజన్ అప్పటికే ఆగి ఉండొచ్చు.

నిజాం ఇచ్చిన డబ్బు వైపు ఆసక్తి ఉంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, ఉర్దూ చదవగలిగినవాళ్లను వెంటబెట్టుకుని. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల వెబ్‌సైట్ అభిలేఖ్ పటల్‌లో ఫారిన్ అండ్ పొలిటికల్ డిపార్ట్‌మెంట్ కింద వెతకాలి. వెతికే మాట ‘ఎయిర్‌క్రాఫ్ట్’ కాదు, ఆనాటి వాడుక ‘ఏరోప్లేన్’.

చనిపోయినవాళ్లకు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్. సమాధి ఇప్పుడు ఎక్కడుందో చూసి అదే కూలిన చోటనుకోకూడదు. జర్మనీలో చెదురుమదురుగా పాతిన బ్రిటిష్ సైనికులను యుద్ధం తర్వాత నాలుగు శ్మశానాలకు చేర్చారు: కాసెల్ దగ్గరి నీడర్‌జ్వేరెన్, కొలోన్ సదరన్, హాంబర్గ్, బెర్లిన్ సౌత్ వెస్టర్న్. అందుకని పేరు కింద జతచేసిన పాత పత్రాల్లో, శవాన్ని తరలించినప్పుడు రాసిన ఫారం తెరవాలి. మొదట పాతిపెట్టిన ఊరి పేరు అందులో ఉంటుంది. విమానం కూలింది మామూలుగా ఆ ఊరి పొలిమేరల్లోనే. సమాధే తెలియనివాళ్ల పేర్లు ఫ్రాన్స్‌లోని అరాస్ ఫ్లయింగ్ సర్వీసెస్ స్మారకం మీద ఉంటాయి. ఒకే విమానంలోని ఇద్దరినీ మొదట ఒకే ఊళ్లో, ఒకే తేదీన పాతి ఉంటే ఇద్దరూ విమానంతోనే పోయారని రాసుకోవచ్చు. ఒకరి తేదీ కొన్ని రోజులు ఆలస్యంగా, వేరే పట్నంలో ఉంటే అతను గాయాలతో బతికి ఆస్పత్రిలో చనిపోయి ఉంటాడు. అప్పుడు మళ్లీ రెడ్‌క్రాస్ కార్డుల దగ్గరకు వెళ్లాలి, మరణాల జాబితాలు వేరేగా ఉంటాయి.